డాబా తలుపు గొళ్ళెం

గడియారాల బాబాయికి చూపు పోయిందని వీధిలో అందరికంటే ముందు తెలిసింది నాకే. అందులో నా గొప్పేమీ లేదు, బల్బుదే గొప్ప.

రంజాన్ నెల మొదలై నాలుగు రోజులైంది. బయట మబ్బు కమ్మి మధ్యాహ్నమే సాయంత్రంలా ఉంది. ఆగిపోయిన అక్క చేతిగడియారం పట్టుకుని కింద దుకాణానికి దిగాను. బాబాయి కంటికి అద్దం బిగించుకుని, బల్ల మీదికి వంగి, చిన్న పట్టకారుతో ఏదో గడియారం పొట్ట కెలుకుతున్నాడు. తల మీద బల్బు వెలగడం లేదు.

"చీకట్లో పని చేస్తున్నారేం బాబాయ్?" అన్నాను.

ఆయన ఉలిక్కిపడి చెయ్యి చాపి స్విచ్చు నొక్కాడు. "ఏదో ఆలోచనలో మర్చిపోయానమ్మా. ఇప్పుడు సరేనా?" అని నా వైపు కాకుండా నా పక్కనున్న గోడ వైపు చూసి నవ్వాడు.

బల్బు వెలగలేదు. అది ఎప్పుడో మాడిపోయి నల్లబడి ఉంది.

నా నోరు ఊరుకునే రకం కాదని మా క్రైస్తవ మిషన్‌లో అందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం ఊరుకుంది. గడియారం ఆయన చేతిలో పెట్టాను. బొటనవేలితో తడిమి, మూత ఊడదీసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"పెద్దమ్మాయిది కదూ? ఇది వానలో తడిసింది. కాసేపు కాదు, చాలాసేపు. అంతసేపు ఎవరినీ పిలవకుండా వానలో ఏం చేసింది మీ అక్క?"

"నాకేం తెలుసు?" అన్నాను. తర్వాత మాట మార్చడానికే, అసలు అనకూడదనుకున్న మాట అనేశాను. "బల్బు వెలగలేదు బాబాయ్."

ఆయన పట్టకారు కింద పెట్టాడు. కంటి అద్దం తీసి తుడిచాడు. ఎందుకు తుడిచాడో ఆయనకే తెలియాలి.

"ఆర్నెల్లయింది," అన్నాడు. "కోడలికి కూడా తెలియదు. సెల్లు మార్చడం, పట్టీ మార్చడం చేతులే చేసేస్తాయి. పెద్ద రిపేరొస్తే పార్టు దొరకడం లేదంటాను. ఎవరితోనూ అనకు చిన్నమ్మాయ్."

మాకు ఆ ఇంటితో ఇరవై రెండేళ్ళ పరిచయం. కింద దుకాణం, మొదటి అంతస్తులో బాబాయీ కోడలూ, లారీ మీద ఊళ్ళు తిరిగి నెలకోసారి ఇంటికొచ్చే కొడుకూ. రెండో అంతస్తులో అక్కా నేనూ. ఆ పైన డాబా. ఆ వీధిలో సువార్త చెప్పడానికి మిషన్ వాళ్ళు మమ్మల్ని పంపారు. వీధంతా ముస్లింలే. మాకు పెద్ద సువార్త, చిన్న సువార్త అని పేర్లు పెట్టి, ఆదరించి, మేం చెప్పింది ఓపిగ్గా విని, ఎవరి మతంలో వాళ్ళుండిపోయారు. కిందటేడు అక్క పోయింది. ఇక మిగిలింది చిన్న సువార్త ఒక్కతే.

"దాచడం దేనికి? చెప్పేస్తే పోదా?" అన్నాను.

"చెప్పాక నేనేం చెయ్యను? మూల మంచం మీద కూర్చుని టైమెంతయిందని దారినపోయే వాళ్ళని అడగనా? గడియారాలవాణ్ణమ్మా నేను." తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు. "ఇరవై తొమ్మిదో సాయంత్రం అందరూ మన డాబా ఎక్కుతారు. నలభై ఏళ్ళుగా నెలవంక కనపడిందని ముందు చెప్పేది నేనే. కుర్రాళ్ళు కరెంటు తీగ మెరిసినా కనపడిందనే అంటారు. నేను అవునన్నాకే మసీదు పెద్ద ఒప్పుకుంటాడు. మబ్బు పట్టిందా, ఇక నా మాట ఒక్కటే. అది తప్పయితే వీధంతా ఉపవాసం ఉండాల్సిన రోజున పండగ చేసుకుంటుంది. ఆ పాపం నా మెడకే."

"అందుకని?"

"నువ్వు నా పక్కన నిలబడు. కనపడితే నా చెయ్యి నొక్కు. అంతే."

అక్క అయితే అడక్కముందే సరేనని ఉండేది. నేను బేరం పెట్టాను. ఇరవై రెండేళ్ళలో ఒక్క మనిషినీ కదిలించలేకపోయిన దాన్ని, చేతికొచ్చిన చెయ్యి వదులుకుంటానా? "రోజూ సాయంత్రం మీ ఉపవాసం విడిచాక డాబా మీద మీకు సువార్త చదువుతాను. మధ్యలో లేవకూడదు," అన్నాను.

"నాకూ పొద్దుపోతుంది," అన్నాడు బాబాయి.

మర్నాటి నుంచీ చదవడం మొదలైంది. ఆయన నీళ్ళూ ఖర్జూరం నోట్లో వేసుకుని, ప్రార్థన ముగించి, కోడలు చెయ్యి పట్టుకుని పైకొచ్చేవాడు. మోకాళ్ళ నొప్పులని ఆ పిల్లతో చెప్పాడట. డాబా మీద రెండు కుర్చీలు. నా వెనక మెట్ల తలుపు. ముందు పడమటి దిక్కు, ఎదురింటి మీద నీళ్ళ ట్యాంకు. ఎక్కువగా మబ్బు, లేకపోతే చినుకు. నేను లాంతరు పెట్టుకుని చదివేదాన్ని.

రెండో రోజు కావాలనే గుడ్డివాడికి చూపొచ్చిన కథ ఎత్తుకున్నాను. బాబాయి తల ఊపుతూ విన్నాడు.

"బాగుంది. చూపొచ్చాక ఆయన ముందుగా ఏం చూశాడో రాశారా?"

"రాయలేదు."

"అదే రాయాల్సింది," అన్నాడు. ఆ పైన ఎంతో మామూలుగా, "మీ అక్క రోజూ వస్తుందా ఇక్కడికి?" అని అడిగాడు.

ఎగతాళి అనుకున్నాను. ఆయనకి ఎగతాళి చేసే అలవాటుంది.

"నిన్నా వచ్చింది. నీ వెనకే నిలబడింది. ఆ బూడిదరంగు శాలువా, వంకర నిలుపు, కుడి మోకాలి మీద బరువెయ్యదు కదా. నాకు ఇంకేదీ కనపడటం లేదు చిన్నమ్మాయ్, నీ మొహం కూడా. ఆమె ఒక్కతే కనపడుతోంది."

చనిపోయినవాళ్ళు తిరిగి రారని నేను ఎన్ని ఇళ్ళలో చెప్పానో లెక్కలేదు. చాలా గట్టిగా చెప్పేదాన్ని. ఆ సాయంత్రం మాత్రం వెనక్కి తిరిగి చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు.

"ఏం చేస్తోంది?" అన్నాను.

"అటు తిరిగి ఉంది. తలుపు వైపు. చెయ్యి ఎత్తి ఉంది, తట్టబోతున్నట్టు. తట్టదు. అలాగే ఎత్తి ఉంచుతుంది. ఎందుకలా?"

"నాకేం తెలుసు?" అన్నాను మళ్ళీ.

నాకు తెలుసు. లోకంలో ఆ సంగతి తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే.

కిందటేడు ఇదే నెల చివరి సాయంత్రం. అందరూ డాబా మీద నెలవంక చూసి సంబరంగా కిందికి పరుగెత్తారు. మోకాలి నొప్పి మనిషి కదా, అక్క వెనకబడింది. అందరూ దిగాక కూడా చంద్రుణ్ణి చూస్తూ నిలబడిపోయింది. అంతకు ముందే మా ఇద్దరికీ మాటామాటా పెరిగింది. ప్రతి ఏడూ అక్క పండగ పూట బాబాయి వాళ్ళింటికి వెళ్ళి, కోడలితో కలిసి వండి, వచ్చేవాళ్ళకి వడ్డించేది. నేను ఎప్పుడూ వెళ్ళలేదు. "మనం చెప్పడానికొచ్చాం, తినడానికి కాదు," అన్నాను. "ఇరవై ఒక్క ఏళ్ళు చెప్పావుగా, ఒక్కసారి తిని చూడు," అంది అక్క. ఆ మాట నాకు సూటిగా తగిలింది. నీ చంద్రుడితోనే ఉండు కాసేపు అనుకుని, మెట్ల తలుపుకి లోపలి వైపు గొళ్ళెం వేసేశాను.

పది నిమిషాలే అనుకున్నాను. గదిలోకొచ్చి మిషన్‌కి పంపే రిపోర్టు ముందేసుకుని కూర్చున్నాను. తలుపు తట్టిన చప్పుడు వినపడింది. లేవలేదు. వాన మొదలైంది. అప్పుడూ లేవలేదు. కోపంలో కూర్చున్న మనిషికి లేవడం ఎంత కష్టమో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది. నేను వెళ్ళి తీసేసరికి గంట దాటింది. అక్క నిలువెల్లా తడిసి వణుకుతోంది. నా మొహం చూసింది. ఒక్క క్షణం చూసి, "గాలికి పడినట్టుంది గొళ్ళెం," అంది.

ఆ గొళ్ళెం బరువైన ఇనప గొళ్ళెం. గాలికి పడేది కాదు. ఆ రాత్రే జ్వరం, తొమ్మిదో రోజున పోయింది. చూడటానికొచ్చిన వాళ్ళందరికీ గాలికి గొళ్ళెం పడిందనే చెప్పాను. అక్క ఇచ్చిపోయిన అబద్ధం అది, ఆమె శాలువాతో పాటు దాచుకున్నాను.

ఇప్పుడు బాబాయి రోజూ నా భుజం మీదుగా చూస్తున్నాడు. నేను రోజూ చదువుతున్నాను. రోజూ అడుగుతున్నాను. ఆయన రోజూ అదే చెబుతున్నాడు. తలుపు వైపు తిరిగి ఉంది, చెయ్యి ఎత్తి ఉంది.

మా పుస్తకంలో తలుపు తట్టే మాట ఒకటుంది. నాకు కంఠతా వచ్చు. పదిహేనో రోజు సాయంత్రం ఆ చోటు దగ్గరికొచ్చేసరికి ఆగాను. గుట్టుచప్పుడు కాకుండా పేజీ తిప్పి ముందుకెళ్ళాను.

"రెండు కాగితాలు తిప్పావు," అన్నాడు బాబాయి.

"అతుక్కున్నాయి."

"అయితే విడదీసి చదువు. తొందరేముంది?"

"కళ్ళు లాగుతున్నాయి బాబాయ్, రేపు చదువుతాను."

"సరే. కానీ మీ అక్క ఇటు తిరిగింది ఇప్పుడే. ఒక్క క్షణం. మళ్ళీ తలుపు వైపు తిరిగిపోయింది."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేను ఎవరూ అడక్కుండానే, "నేనేం చేశాను?" అన్నాను. లాంతరు తీసుకుని కిందికొచ్చి, ఆ రాత్రి దీపం ఆర్పకుండా పడుకున్నాను.

మర్నాడు మెట్ల మీద కోడలు పళ్ళెంతో ఎదురైంది. అందులో మూడు ఖర్జూరాలు.

"పిన్నిగారూ, ఒకటి అడగనా? మామయ్య రోజూ డాబా మీదికి మూడు పెట్టమంటున్నారు. మీరొకటి, ఆయనొకటి. మూడోది ఎవరికంటే నవ్వి ఊరుకుంటారు. ఎవరొస్తున్నారు మీ దగ్గరికి?"

"ఎవరూ రారమ్మాయ్. ముసలాయన లెక్క తప్పుతున్నాడు."

"గడియారాలాయన లెక్క తప్పడమేంటి?" అని ఆ పిల్ల నా మొహం వంక అదోలా చూసింది.

మేం దిగేటప్పుడు మూడో ఖర్జూరం పళ్ళెంలోనే ఉండేది. పొద్దున పళ్ళెం ఖాళీ. కాకులు తింటాయని నాకు తెలుసు. ఒక రోజు కాకులు లేవకముందే, తెల్లవారకుండా వెళ్ళి చూశాను. గింజ ఒక్కటే ఉంది, శుభ్రంగా, పళ్ళెం అంచున పెట్టి. అక్క ఎప్పుడూ గింజ అలాగే అంచున పెట్టేది. చాలామంది అలాగే పెడతారని నాకు నేను చెప్పుకున్నాను. ఆ తర్వాత ఇంకెప్పుడూ పొద్దున్నే చూడలేదు.

మానేద్దామని ఎన్నిసార్లనుకున్నానో. కానీ సాయంత్రమయ్యేసరికి కాళ్ళు వాటంతటవే మెట్లెక్కేవి. ఆమె చెయ్యి దించిందేమోనని ఆశ. ఎప్పటికీ దించదేమోనని భయం.

ఇరవై తొమ్మిదో సాయంత్రం వచ్చింది. పొద్దుటి నుంచీ తెరిపి లేని ముసురు. సాయంత్రానికి వాన ఆగింది గానీ, పడమట పల్చటి మబ్బు పరదా కట్టినట్టు నిలిచిపోయింది. డాబా నిండా జనం. పిల్లలు పిట్టగోడ ఎక్కితే తల్లులు దించుతున్నారు. మసీదు పెద్ద గొడుగు చంకలో పెట్టుకుని బాబాయి పక్కకొచ్చి నిలబడ్డాడు. "నీ మాటే మాట ఈసారి. నాకైతే ఏమీ ఆనడం లేదు," అన్నాడు. బాబాయి నవ్వి, గాలి పీల్చుకుంటానని తనను పిట్టగోడ మూలకు తీసుకెళ్ళమని నాతో అన్నాడు.

ఆయన చెయ్యి నా చేతిలో ఉంది. కళ్ళు చిట్లించి చూశాను. నీళ్ళ ట్యాంకు, తీగలు, మబ్బు. పొద్దుగుంకాక ఎర్రదనం పోయి బూడిదరంగు మిగిలింది. వెనక జనం గుసగుసలు మాని ఎదురుచూస్తున్నారు.

నా చెయ్యి కదల్లేదు. ఆయన వేళ్ళే నా వేళ్ళని నొక్కాయి.

"చిన్నమ్మాయ్," అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా. "మీ అక్క చెయ్యి దించింది. ఇటు తిరిగింది. ట్యాంకు పైన చూపిస్తోంది. అక్కడుందా?"

ట్యాంకు పైన మబ్బు తప్ప ఏమీ లేదు.

"నాకు కనపడటం లేదు బాబాయ్."

"ఆమెకి కనపడింది. వెళ్ళి చెప్పేస్తాను."

"వద్దు. మీరే అన్నారుగా, తప్పయితే మీ మెడకే అని. నాకు కనపడలేదు. నా మాట నమ్మండి."

"నీ మాటా, మీ అక్క మాటా రెండూ నా ముందుంటే నేను ఎవరిది తీసుకోవాలి?" ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఆమె నాతో ఎప్పుడూ ఒక్క మాట దాచలేదు. నువ్వు నెల రోజులుగా దాస్తున్నావు. తలుపు దగ్గర ఎందుకు నిలబడిందంటే ప్రతిసారీ నాకేం తెలుసు అంటావు. నీకు తెలుసు."

వెనక నుంచి మసీదు పెద్ద, "ఏమయ్యా, ఉందా లేదా?" అన్నాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు మూసుకుంటే ఈయన వెళ్ళి, ఎవరూ చూడని చంద్రుణ్ణి చూశానని చెబుతాడు. నలభై ఏళ్ళ మాట నా మూలంగా మట్టిపాలవుతుంది. నోరు తెరిస్తే నాకేం మిగులుతుందో నాకు తెలుసు.

"ఆ గొళ్ళెం గాలికి పడలేదు బాబాయ్," అన్నాను. "నేను వేశాను. తెలిసే వేశాను. తట్టింది, వినపడింది. తియ్యలేదు."

ఆయన చెయ్యి లాక్కుంటాడనుకున్నాను. లాక్కోలేదు. దూరంగా ఎవరిదో పసిపిల్ల ఏడుస్తోంది.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు చివరికి. "కనపడిందా?"

"లేదు."

ఆయన నా చెయ్యి వదిలి, గొంతు వినపడ్డ వైపుకి తిరిగాడు. "నాకు కనపడలేదు," అన్నాడు పెద్దగా. "నాకు ఆర్నెల్లుగా ఏదీ కనపడటం లేదు. ఇక నెలవంక సంగతి మీరే చూసుకోండి."

కోడలు చేతిలో పళ్ళెం జారి కింద పడింది. తర్వాత మసీదు పెద్ద గొడుగు నేలకి ఆనించి, "నా గడియారం రోజూ పది నిమిషాలు వెనకబడుతోందంటే ఇదా సంగతి," అన్నాడు. ఎవరో నవ్వారు. కోడలు నవ్వలేదు. వచ్చి మామగారి భుజం పట్టుకుని, "ఆర్నెల్లు ఒక్కరే ఎలా మోశారు మామయ్యా," అని ఏడ్చింది. ఎవరికీ కనపడలేదు కాబట్టి మర్నాడూ ఉపవాసమే అన్నాడు మసీదు పెద్ద. జనం నెమ్మదిగా దిగిపోయారు.

ముప్ఫయ్యో సాయంత్రం ఆకాశం కడిగినట్టుంది. నేను డాబా ఎక్కలేదు. మెట్ల మీద ఆడవాళ్ళ మాటలు వినపడ్డాయి. "చూశావా, ఎంత లావుగా ఉందో. ఇది నిన్నటిదే. నిన్న మబ్బు చాటున ఉండే ఉంటుంది."

ఆ మాట వింటూ నేను గదిలో రిపోర్టు రాస్తున్నాను. మా మిషన్ వాళ్ళ కాగితంలో పాపం ఒప్పుకున్నవారు ఎంతమంది అని ఒక గడి ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా అందులో నిజాయితీగా సున్నా పెడుతూ వచ్చాను. ఆ నెల ఒకటి వేశాను. పైవాళ్ళు సంతోషించి, ఆ వ్యక్తి వివరాలు పంపమని ఉత్తరం రాశారు. వివరాలు పంపాను. ఆ తర్వాత వాళ్ళు చాలాకాలం ఉత్తరం రాయలేదు.

పండగ రోజు పొద్దున్నే ముసురు మళ్ళీ పట్టుకుంది. అత్తరు వాసన, కొత్త బట్టల గరగర మెట్ల పొడవునా. వీధి మగవాళ్ళు ప్రార్థనకెళ్ళి తిరిగొచ్చేదాకా నేను మంచం మీద కూర్చునే ఉన్నాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? బాబాయి గొళ్ళెం మాట ఎవరితోనూ అనలేదని ముందు రోజు కోడలు పలకరించిన తీరులోనే తెలిసింది. కానీ ఆయనకి తెలుసు. అక్కని వీధి మొత్తంలో ఎక్కువగా ఆదరించింది ఆయనే.

చివరికి లేచాను. అక్క శాలువా పెట్టెలోంచి తీసి, మడతలు విప్పి, చేతి మీద వేసుకున్నాను. కిందికి ఇరవై రెండు మెట్లు. ఇన్నేళ్ళలో ఈ పని మీద ఎప్పుడూ దిగని మెట్లు.

వాళ్ళ తలుపు బార్లా తెరిచి ఉంది. వచ్చేపోయేవాళ్ళ రద్దీ తగ్గినట్టుంది, ముందుగదిలో బాబాయి ఒక్కడే కుర్చీలో గుమ్మం వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. లోపల గిన్నెల చప్పుడు. వాన జల్లు నడవలోంచి లోపలికి కొడుతోంది. నేను గడప బయటే నిలబడ్డాను. శాలువా ఎందుకు తెచ్చానో నాకే తెలియదు.

"రా," అన్నాడు.

గడప దాటాను.

ఆయన గుడ్డి కళ్ళు నా మొహం మీద లేవు. నా భుజం మీదుగా, కొంచెం వెనక్కి, కొంచెం కిందికి చూస్తున్నాడు. మొహం మెల్లగా విచ్చుకుంది. అలా నవ్వుతూ ఆయన మా అక్కని పలకరించడం నేను పైనుంచి ఎన్నోసార్లు చూశాను.

"అమ్మాయ్, రెండు గిన్నెలు పట్రా," అని లోపలికి కేకేశాడు. నాతో మాత్రం తగ్గు గొంతుతో, "జల్లు కొడుతోంది. తలుపు వేసెయ్ చిన్నమ్మాయ్," అన్నాడు. "ఇద్దరూ వచ్చేశారుగా."

నేను తలుపు రెక్క పట్టుకున్నాను. వెనక్కి చూడలేదు. మోకాలి నొప్పి ఉన్న మనిషి గడప దాటడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగాను. తర్వాత మెల్లగా తలుపు దగ్గరికి వేశాను. గొళ్ళెం పెట్టలేదు.